కాలీ కాలని గీత

ఆ దుకాణం గోడ నిండా అమ్మకానికి పెట్టిన సరుకే. గృహప్రవేశాలకు నేమ్‌ప్లేట్లు, స్కూలు ఫంక్షన్లకు షీల్డులు, చెక్క గడియారాలు, పెళ్లిరోజు జంటల ఫొటోలు, ఏ గుమ్మానికైనా సరిపోయే వినాయకులు. లేజర్ కటింగ్ దుకాణాలు ఇప్పుడు హైదరాబాద్‌కు కొత్త కాదు. ఆ సరుకు మధ్య మేకుకు వేలాడుతున్న ఒక పైన్ చెక్క ముక్కకు మాత్రం ధర చీటీ లేదు. దాని మీద బొమ్మా లేదు, పేరూ లేదు. అడ్డం పది, నిలువు పది చొప్పున వేలిగోరంత చదరాలు. పై అంచున పవర్ అంకెలు, పక్క అంచున స్పీడ్ అంకెలు. మిగతా గోడ మీది పనితనమంతా ఆ ముక్క దగ్గరే బయల్దేరిందని కాసేపు నిలబడి చూస్తే గాని తెలియదు.

దాన్ని వాళ్లు టెస్ట్ పీస్ అంటారు. ఎడమ నుంచి కుడికి పోయేకొద్దీ లేజర్ బలం పెరుగుతుంది. పై నుంచి కిందికి వచ్చేకొద్దీ దాని నడక నెమ్మదిస్తుంది. ఎడమ పై మూల చదరం ఉందో లేదో పలకను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే గాని కనిపించదు, వేలితో రాస్తే అసలే తెలియదు. కుడి కింది మూలది చదరం కాదు, గుంట. అడుగున బొగ్గు, అంచుల చుట్టూ పచ్చని పొగ మరక, దగ్గరికి తెస్తే ఇంకా వదలని కమురు వాసన. ఈ రెండు మూలల మధ్య లేత గోధుమ రంగు నుంచి నల్లటి గోధుమ రంగు దాకా మెట్లు మెట్లుగా దిగుతుంది.

వాటిలో నాకు బాగా నచ్చినవి మూల నుంచి మూలకు ఏటవాలుగా పడే చదరాలు. ఒకటి 20 వాట్లతో, సెకనుకు 200 మిల్లీమీటర్ల వేగంతో కాల్చింది. ఇంకొకటి 40 వాట్లతో, 400 మిల్లీమీటర్ల వేగంతో. గీతకూ గీతకూ ఎడం 0.1 మిల్లీమీటరు కాబట్టి రెండింటిలోనూ చదరపు మిల్లీమీటరు చెక్క మీద పడిన శక్తి సరిగ్గా ఒక జౌల్. లెక్క ప్రకారం రెండూ కవలలు కావాలి. కావు. వేగంగా పోయినది శుభ్రంగా, కాస్త లేతగా, అంచు తెగినట్టు ఉంది. నెమ్మదిగా పోయినది ముదురుగా ఉంది, దాని అంచు చుట్టూ చెక్క కొద్దిగా కమిలింది. వేగంగా వచ్చిన వేడి ఆ చోటును ఆవిరి చేసి వెళ్లిపోతుంది. నెమ్మదిగా వచ్చిన వేడికి పక్కకు పాకడానికి వ్యవధి దొరుకుతుంది. సన్నని అక్షరాలకు వేగంగా పోయిన చదరం అంకెలు, ముదురు రంగు కావలసిన బొమ్మకు నెమ్మదిగా పోయినదాని అంకెలు వాడతారు.

ఇంకొంచెం దగ్గరికి తెస్తే చదరాల గుండా నిలువునా సన్నని గట్లు కనిపిస్తాయి. పైన్ చెట్టు వసంతంలో వేగంగా పెరిగినప్పుడు కట్టుకున్న చెక్క బోలుగా, మెత్తగా ఉంటుంది. ఎదుగుదల మందగించాక కట్టుకున్నది సన్నగా, గట్టిగా ఉంటుంది. ఏడాదికి ఒక జత చొప్పున ఇవి పక్కపక్కన పేరుకుంటాయి. లేజర్ మెత్తని చోట లోతుగా దిగి, గట్టి చోట పైపైన కాల్చి పోతుంది. ఒకే చదరంలో, ఒకే పవర్‌కు, ఒకే స్పీడ్‌కు రెండు ఫలితాలు.

కొత్త లోడు చెక్క వచ్చినప్పుడల్లా ఇలాంటి పలకను మళ్లీ కాలుస్తారు. పోయిన లోడుకు కుదిరిన అంకె ఈ లోడుకు కుదరాలని లేదు. తేమ మారుతుంది, చెట్టు మారుతుంది, మెషీన్‌లోని ట్యూబు కూడా ఈలోగా కొంత ముసలిదవుతుంది. పెనం మీద నీళ్లు చిలకరించి, ఆ చుయ్‌మనే చప్పుడును బట్టి మొదటి దోసె వేసేవాళ్ల పద్ధతే ఇది. ఇక్కడ ఆ చిలకరింపు చెరిగిపోకుండా గోడకెక్కింది, అంతే తేడా.

మెషీను సంగతి కొంత చెప్పాలి. మూత ఉన్న పెద్ద పెట్టె. వెనక అరలో మీటరుకు పైగా పొడవున్న గాజు ట్యూబు. అందులో కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్, హీలియం కలిపిన వాయువు, దాని చుట్టూ చల్లని నీళ్లు తిరిగే గాజు తొడుగు. వేల వోల్టుల కరెంటు అందగానే ట్యూబు లోపల ఊదారంగు వెలుగు పరుచుకుంటుంది. చూడటానికి వచ్చినవాళ్లు దాన్నే లేజర్ అనుకుంటారు. అసలు కిరణం కంటికి కనిపించదు. అది 10.6 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న పరారుణ కాంతి. మూడు అద్దాల మీదుగా మలుపులు తిరిగి, జింక్ సెలినైడ్ లెన్సు గుండా చెక్క మీదికి దిగుతుంది. ఈ రకం లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మొదట వెలిగించింది కుమార్ పటేల్. 1938లో మహారాష్ట్రలోని బారామతిలో పుట్టినవాడు. పెళ్లిరోజు ఫొటోలు ఆయన ఆలోచనలో ఉండి ఉండవు గాని, ఆయన పట్టుకున్న కాంతి చెక్కకు మహా అనువైనది. ఈ తరంగదైర్ఘ్యాన్ని చెక్క దాదాపుగా పైపొరలోనే మింగేస్తుంది. అందుకే లోపలంతా ఉడకకుండా, పడ్డ చోటే మాడుతుంది.

ఇప్పుడు ఇళ్లలో బల్ల మీద పెట్టుకునే చిన్న డయోడ్ లేజర్లు కూడా వచ్చాయి. వాటిది కంటికి కనిపించే నీలి కాంతి. చెక్కను బాగానే కాలుస్తాయి గాని పారదర్శకమైన యాక్రిలిక్ గుండా దూసుకుపోయి కింద బల్లను కాలుస్తాయి. ఒకప్పుడు ఫ్యాక్టరీలకే పరిమితమైన ఈ యంత్రం మామూలు మనుషుల చేతికి రావడంలో, ఎవరైనా వచ్చి యంత్రాలు వాడుకోగల ఫ్యాబ్‌ల్యాబ్‌ల పాత్ర ఉంది. 2002లోనే పుణె దగ్గర పాబళ్‌లోని విజ్ఞాన్ ఆశ్రమ్‌లో అలాంటిది మొదలైంది. హైదరాబాద్‌లో 2023 మార్చిలో టీ-వర్క్స్ అనే నమూనాల తయారీ కేంద్రం తెరుచుకుంది. నేను చెబుతున్న దుకాణానికి అంత చరిత్ర లేదు. ఒక గది, ఒక మెషీను, ఒక ఎగ్జాస్ట్ గొట్టం.

ఒక్క కొలత గుర్తుపెట్టుకుంటే మిగతా పనితనం అర్థమవుతుంది. లెన్సు ఫోకల్ దూరం రెండంగుళాలు, అంటే 50.8 మిల్లీమీటర్లు. లెన్సు మీద పడే కిరణం వెడల్పు ఆరు మిల్లీమీటర్లు అనుకుంటే, చెక్క మీద దాని చుక్క సుమారు 0.11 మిల్లీమీటరు కంటే సన్నబడదు. ఎంత ఖరీదు పెట్టి కొన్నా, ఆ లెన్సుతో ఆ కాంతికి అంతే. అది కాంతి తరంగం పెట్టిన హద్దు. ఈ మెషీను చేతిలో ఉన్న కలం పాళీ వెడల్పు అదీ. దాంతో ఎంత సన్నని మాట రాయగలరో చూడాలంటే గోడకు ఇంకో వైపు ఉన్న ముసలావిడ దగ్గరికి వెళ్లాలి.

పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటో నుంచి తీసింది. పది సెంటీమీటర్ల చదరపు బొమ్మ, చుట్టూ కాస్త ఖాళీ చెక్క. నెరిసిన జుట్టు, ముక్కుపుడక, కళ్ల కింద ముడతలు, భుజం మీద చీర అంచు. రెండడుగుల దూరం నుంచి చూస్తే ఆవిడ ఏదో అడగబోతున్నట్టే ఉంటుంది. కళ్లకు ఆనించుకుంటే ముఖం మాయమై గోధుమ రంగు చుక్కలు మాత్రం మిగులుతాయి.

ఇందులో కష్టం ఎక్కడుందంటే, చెక్కకు తెలుపు లేదు, నిఖార్సయిన నలుపూ లేదు. ఉన్నదల్లా చెక్క సొంత రంగు, దాని మీద మాడినంత మేర ముదురు. ఆ మాడటం కూడా పవర్‌తో సమంగా పెరగదు. కొంతవరకు ఏమీ కాదు. ఒక దశలో చటుక్కున రంగెక్కుతుంది. ఇంకా పెంచితే రంగు ముదరడం ఆగి లోతు పెరగడం మొదలవుతుంది. మాడిన పొర ఆవిరైపోయి కింద కొత్త చెక్క బయటపడుతుంది కాబట్టి, ఎక్కువ కాల్చిన చోటు ఒక్కోసారి లేతగా కూడా కనిపిస్తుంది. ఫొటోలోని ప్రతి ఛాయకూ ఒక పవర్ కేటాయించి కాల్చినవాళ్ల బొమ్మలు చూశాను. ముఖం మీద బురద పూసినట్టు వస్తాయి.

అందుకని ఛాయలు వదిలేసి చుక్కల్ని నమ్ముకుంటారు. ఒక చోట చుక్క పడాలి, లేదా పడకూడదు, మధ్యస్థం లేదు. నీడలో చుక్కలు ఒత్తుగా, వెలుగులో పలచగా. ఏ చుక్క ఎక్కడ అనేది తేల్చడానికి 1976లో రాబర్ట్ ఫ్లాయిడ్, లూయీ స్టైన్‌బర్గ్ ప్రచురించిన పద్ధతి నేటికీ చెక్కుచెదరలేదు. బొమ్మలో ఒక్కో బిందువును నలుపో తెలుపో తేల్చేస్తుంది. బూడిద రంగును నలుపనో తెలుపనో అన్నప్పుడు కొంత తప్పు మిగులుతుంది కదా, ఆ తప్పును పదహారు వాటాలు చేసి కుడి పక్క బిందువుకు ఏడు, కింది వరసలో ఎడమ నుంచి వరసగా మూడు, అయిదు, ఒకటి పంచిపెడుతుంది. ఇక్కడ ఎక్కువైంది పక్కన తగ్గుతుంది. ఆవిడ చెంప ఎముక కింద నీడ మెల్లగా వెలుగులోకి జారే చోట ఈ పంపకాన్ని కంటితో చూడొచ్చు. చుక్కలు వరసలు కట్టకుండా, గుంపులు కట్టకుండా, చెదిరినట్టే ఉండి లెక్క తప్పకుండా పలచబడతాయి.

అయితే ఇది సాఫ్ట్‌వేర్ చేసే పని, దుకాణందారు గొప్ప కాదు. ఆయన గొప్ప ఆ చుక్కల్ని చెక్క మీద విడివిడిగా నిలబెట్టడంలో ఉంది. అంగుళానికి 254 గీతలంటే గీతకూ గీతకూ 0.1 మిల్లీమీటరు. కిరణం చుక్క ఇంచుమించు అంతే. కొత్తగా మెషీను కొన్నవాళ్లు అంగుళానికి 600 గీతలు పెడితే బొమ్మ ఇంకా నిగ్గుతేలుతుందని ఆశపడతారు. చుక్కలు ఒకదాని మీదొకటి ఎక్కి ముఖమంతా ఒకే మాడుగా మారుతుంది. ఇక్కడ ముక్కుపుడక చూడండి. అది కాల్చనే లేదు. చుట్టూ చీకటి చుక్కలు పెట్టి, నడుమ గింజంత చెక్కను ముట్టుకోకుండా వదిలేశారు. రాయి మెరుపు అక్కడుంది. నెరిసిన జుట్టు కూడా అంతే. వెంట్రుకలు గీయలేదు, వెంట్రుకల మధ్య నీడలు గీశారు. ఇందుకోసం ఫొటోను ముందే సిద్ధం చేయాలి: వెనక ఉన్న గోడ తీసేయాలి, మధ్యస్థపు ఛాయల్ని లేతబరచాలి, ముడతల అంచుల్ని అసలు ఫొటోలో కంటే పదునుగా చేయాలి. తెర మీద చూస్తే ఆ ఫొటో మొరటుగా, అతిగా ఉంటుంది. ఎందుకంటే అది తెర కోసం చేసింది కాదు.

స్పీడ్ దగ్గర ఇంకో మెలిక ఉంది. వెలగమన్న క్షణాన గాజు ట్యూబు వెలగదు. పూర్తి బలం అందుకోవడానికి సుమారు ఒక మిల్లీసెకను తీసుకుంటుంది. లేజర్ తల సెకనుకు 300 మిల్లీమీటర్ల వేగంతో పరిగెడుతుంటే ఆ మిల్లీసెకనులో 0.3 మిల్లీమీటరు దాటిపోతుంది, అంటే మూడు చుక్కల మేర. నేమ్‌ప్లేటు మీద పెద్ద అక్షరాలకు ఇది లెక్కలోకి రాదు. ముఖానికి మాత్రం కంటికొస కరిగిపోతుంది. ఖరీదైన లోహపు ట్యూబులు దీనికి ఎన్నో రెట్లు చురుగ్గా స్పందిస్తాయి. ఈ దుకాణంలో ఉన్నది గాజు ట్యూబే. కాబట్టి నెమ్మదించారు, సెకనుకు 100 మిల్లీమీటర్లు. నెమ్మదిస్తే వేడి ఎక్కువవుతుంది, పవర్ తగ్గించాలి. మరీ తగ్గిస్తే ఒక హద్దు కింద గాజు ట్యూబు నిలకడగా వెలగదు, మిణుకుమంటుంది. ఈ రెండు హద్దుల మధ్య మిగిలేది చాలా ఇరుకు సందు. ఆ ముసలావిడ బొమ్మలో వెయ్యి గీతలున్నాయి, ఒక్కోటి పది సెంటీమీటర్లు. కలిపితే వంద మీటర్ల నడక. మలుపులు కలపకుండానే పదహారు నిమిషాలు దాటుతుంది. ఇదే సైజు నేమ్‌ప్లేటు ఆ సమయంలో రెండు మూడు చేసుకోవచ్చు.

తల ఎడమ నుంచి కుడికి పోతూ ఒక గీత, కుడి నుంచి ఎడమకు వస్తూ ఇంకో గీత కాలుస్తుంది. ట్యూబు ఆలస్యం రెండు దిశల్లోనూ ఎదురెదురుగా పడుతుంది కాబట్టి, సరిచేయకపోతే గీతలు ఒకటి విడిచి ఒకటి పక్కకు జరిగి నిలువు అంచులన్నీ దువ్వెన పళ్లలా చీలుతాయి. ఆవిడ ముక్కు అంచును భూతద్దంతో చూశాను. పళ్లు లేవు.

ఇక చెక్క. ఈ ఫొటో పైన్ మీద లేదు. టెస్ట్ పీస్ మీద కనిపించిన గట్లే ముఖం మీదా వచ్చి ఉంటే నుదురంతా చారలయ్యేది. టేకు కూడా ఈ పనికి నప్పదు. దానిలో ఏటేటా మొదట కట్టుకునే చెక్కలో పెద్ద పెద్ద రంధ్రాలు వరసగా ఉంటాయి, చుక్క వాటిలో పడి పోతుంది. ఇక్కడ వాడింది దిగుమతి బీచ్ చెక్క, దగ్గర నార, లేత రంగు. అది కూడా ఏ ముక్క పడితే ఆ ముక్క కాదు. ఫొటో ఎంచడం ముందా, చెక్క ఎంచడం ముందా అని అడిగితే మెషీను నడిపే ఆపరేటరు కుర్రాడు చెక్కల బొత్తి వైపు చేయి చూపించి, “ఫొటో సంగతి తర్వాత సార్, ముందుగాల దీన్ని జూడాలె” అన్నాడు. నార ముఖానికి నిలువుగా పోయేలా పలకను తిప్పుకున్నాడు. చెక్కలో ఒక మూల కాస్త ముదురు రంగు పొర ఉంది. అది ఆవిడ భుజం వెనకకు వచ్చేలా బొమ్మను జరిపాడు. చీర నీడ అక్కడ సగం చెట్టే వేసింది.

కాల్చాక చేసే పని తక్కువగా కనిపిస్తుంది గాని చెడగొట్టడానికి చాలా వీలుంది. గరుకు కాగితం గట్టిగా పడితే చుక్కల తలలు పోతాయి. తడిగుడ్డ పెడితే మసి నారలోకి దిగుతుంది. మెత్తని బ్రష్షుతో దులిపి, గాలి కొట్టి ఆపేయాలి. వార్నిష్ వేస్తే కాలని చెక్క కూడా ముదురుతుంది, అంటే ఆవిడ నెరిసిన జుట్టు మళ్లీ సగం నల్లబడుతుంది. అందుకే ఈ పలకకు పలచటి మైనం తప్ప ఏమీ లేదు.

ఇంగ్లండులో రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో ఫర్నిచర్ డిజైన్ బోధించిన డేవిడ్ పై అనే ఆయన 1968లో పనితనం మీద ఒక పుస్తకం రాశాడు. పనిని ఆయన రెండు రకాలుగా చూశాడు. సాగుతున్నంతసేపూ ఏ క్షణాన్నయినా చెడే ప్రమాదం ఉన్నది ఒకటి, మొదలు కాకముందే ఫలితం ఖాయమైపోయినది రెండోది. లేజర్‌ను చూడగానే రెండో గాటన కట్టేయాలనిపిస్తుంది. మీట నొక్కి టీ తాగి రావచ్చు కదా అంటారు. యాక్రిలిక్ షీటు విషయంలో అది చాలావరకు నిజం. ఆ షీటు అంతటా ఒకేలా ఉంటుంది కాబట్టి అంకె ఒకసారి తెలిస్తే చాలు. చెక్క మీదికి వచ్చేసరికి ప్రమాదం తిరిగొస్తుంది, కాకపోతే చోటు మార్చుకుని వస్తుంది. చేయి జారుతుందన్న భయం లేదు. చెయ్యి వేయకముందే చెక్కను సరిగ్గా చదివామా లేదా అన్నదే భయం. మీట నొక్కాక సరిదిద్దుకునే అవకాశం ఉలికి ఉన్నంత కూడా దీనికి లేదు. డేవిడ్ పై కూడా యంత్రమంటే ముక్కు విరిచేవాడు కాదు. తాను చేసే చెక్క గిన్నెల లోపలి గాడుల కోసం ఒక పరికరాన్ని సొంతంగా తయారుచేసుకున్నాడు.

నెట్‌లోంచి దించుకున్న మండలా డిజైన్లను పొరలు పొరలుగా అంటించిన గడియారాల గురించి నేను ఏమీ చెప్పను. అవి ఆ గోడ మీద సగం ఆక్రమించాయి, బాగా అమ్ముడుపోతాయట కూడా.

కోత పని మాత్రం చెప్పుకోదగ్గది. మన వడ్రంగులు వంటింటి అరలకు ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ తెమ్మంటారు. మరిగే నీళ్లకు కూడా పొరలు ఊడకుండా ఫినాలిక్ జిగురుతో అతికించింది అది. వంటింటికి ఎంత మంచిదో లేజర్‌కు అంత పేచీకోరు. చెక్క పొరను సులువుగా దాటిన కిరణం ఆ జిగురు పొర దగ్గర తడబడుతుంది. పవర్ పెంచితే చెక్క అంచు బొగ్గవుతుంది, పెంచకపోతే అక్కడక్కడా తెగకుండా ఉండిపోతుంది. లోపలి పొరల్లో ఖాళీలు పూడ్చిన చోట్లయితే బయటికి ఏ జాడా ఉండదు. అందుకే ఈ పనికి సన్నని బర్చ్ ప్లైవుడ్‌నో, మెత్తని జిగురుతో చేసిన మూడు మిల్లీమీటర్ల షీటునో వెతుక్కుంటారు. పీవీసీ షీటు తెచ్చి కోయమనేవాళ్లు కూడా వస్తారు. వెనక్కి పంపేస్తారు. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, మనిషి ఊపిరితిత్తులనూ మెషీన్ లోహాన్నీ రెంటినీ తినేస్తుంది.

బాగా తెగిన అంచు అంతటా ఒకే గోధుమ రంగులో, వేలికి మసి అంటకుండా ఉంటుంది. నాజిల్ నుంచి కంప్రెసర్ గాలి కోత లోపలికి కొడుతూ మంటను అక్కడికక్కడే ఆర్పి, పొగను కిందికి తోసేస్తేనే అలా వస్తుంది. ఆ గాలి తగ్గితే కోత వెంట సన్నని మంట నడుస్తుంది. మెషీను నడుస్తున్నంతసేపూ గదిలో మనిషి ఉండి తీరాలన్నది ఇందుకే.

వాళ్లు చేసిన ఒక పెట్టె మూలలు గుండ్రంగా తిరిగి ఉన్నాయి, మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను ఆవిరి పెట్టకుండా వంచి. మూల ఉన్న మేర షీటుకు నిలువుగా సన్నని చీలికలు కోశారు, ఒక వరస చీలికల మధ్య భాగం పక్క వరస ఖాళీకి ఎదురుగా వచ్చేలా. అక్కడ వంగుతున్నది చెక్క కాదు. చీలికల మధ్య మిగిలిన ఒక్కో సన్నని పట్టీ కొద్దిగా మెలి తిరుగుతుంది. ఆ కొద్ది కొద్ది మెలికలన్నీ కలిసి తొంభై డిగ్రీల మలుపు అవుతాయి. చీలికలు పైపొర నార వెంట పోతేనే పట్టీలు బతుకుతాయి. అడ్డంగా కోస్తే పట్టీలో నార ముక్కలు ముక్కలై, వంచగానే పుటుక్కుమంటుంది. పట్టీ సన్నమైతే మలుపు సులువు, బలం తక్కువ. ఈ పెట్టె చేసినవాళ్లు మూత తరచూ తెరిచే వైపు పట్టీలు కాస్త వెడల్పుగా, ఎప్పుడూ కదలని వైపు సన్నగా ఉంచారు. అది ఎవరూ అడిగి చేయించుకునేది కాదు.

ఆ పెట్టె మూత మీద లేత చెక్కలో ముదురు చెక్క తామర పొదిగి ఉంది. గోరు పెట్టి లాగినా సందు దొరకదు. కోతలో కిరణం సుమారు 0.15 మిల్లీమీటరు చెక్కను ఆవిరి చేస్తుంది, గీతకు అటు సగం, ఇటు సగం. కాబట్టి ఒకే గీతతో రంధ్రమూ రేకూ కోస్తే రంధ్రం ఆ సగం మేర పెద్దదవుతుంది, రేకు ఆ సగం మేర చిన్నదవుతుంది, చుట్టూ కోత వెడల్పంత ఖాళీ మిగులుతుంది. రేకును ఆ మేర పెద్దదిగా గీసుకోవాలి. ఇంతవరకు చాలామందికి తెలుసు. దీనికి ఇంకో మెట్టు ఉంది. కోత గోడలు నిలువుగా ఉండవు. పై ముఖంలో కోత కాస్త వెడల్పు, కిందికి పోయేకొద్దీ ఇరుకు. అంటే రంధ్రం పైన పెద్దది, అడుగున చిన్నది. కోసిన రేకు దానికి తిరగబడి, పైన చిన్నది, అడుగున పెద్దది. ఉన్నది ఉన్నట్టు దించితే కనిపించే ముఖంలోనే సందు వస్తుంది. అందుకని తామర రేకుల్ని కంప్యూటర్‌లో కుడి ఎడమలు తారుమారు చేసి కోశారు. కోశాక తిరగేసి, అడుగు ముఖం పైకి వచ్చేలా దించారు. పెద్ద ముఖం పెద్ద ముఖంలో కూర్చుంది. నొక్కేకొద్దీ బిగుసుకుంది. నార దిశ కూడా రేకు రేకుకూ మారింది, మధ్య నుంచి బయటికి విచ్చుకునేలా. అందువల్ల దీపం వైపు తిప్పితే కొన్ని రేకులు మెరిసి, కొన్ని మసకబారతాయి.

లేజర్‌తో అచ్చు దిమ్మెలు కూడా చేయొచ్చా అన్నది చెక్క మీద పనిచేసేవాళ్లలో చాలామంది అడిగే ప్రశ్న. చెక్క దిమ్మె మీద సన్న గీతకు ఒక గురువున్నాడు. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో థామస్ బ్యూయిక్ (1753–1828) బాక్స్‌వుడ్‌ను అడ్డంగా కోసి, నార దిశ అంటూ లేని ఆ అడ్డకోత ముఖం మీద పక్షుల ఈకలు చెక్కాడు. దూరపు కొండలు లేతగా అచ్చుపడాలంటే ఆ మేర దిమ్మె ముఖాన్ని ముందే కాస్త పల్లం చేసేవాడు. లోతుతో ఛాయను పలికించిన పని అది. కాగితం మీద అచ్చు వేసే అలాంటి దిమ్మెకు లేజర్ బాగానే నప్పుతుంది. సిరా కాగితానికి అందకుండా ఉండటానికి కొద్దిపాటి లోతు చాలు.

బట్టకు వచ్చేసరికి లెక్క మారుతుంది. మచిలీపట్నం పక్కన పెడనలో కలంకారీ అద్దకానికి టేకు దిమ్మెల్ని ఉలితో చెక్కుతారు. బట్ట మెత్తన, కింద పరిచిన పరుపూ మెత్తనే. దిమ్మె నొక్కినప్పుడు బట్ట పల్లాల్లోకి ఉబుకుతుంది. అడుగుకు అంటకూడదంటే లోతు కావాలి. అంత లోతులో సన్నని తీగ గీత విరగకుండా నిలబడాలంటే, పైన సన్నగా ఉన్నది అడుగుకు పోయేకొద్దీ లావెక్కాలి. లేజర్‌తో అంత లోతు దిగాలంటే మళ్లీ మళ్లీ కాల్చాలి. టేకు రంధ్రాల వల్ల అడుగు ఎగుడుదిగుడవుతుంది, గీత గోడలు బొగ్గు పట్టి పొడిపొడిగా రాలతాయి. రబ్బరు స్టాంపుల కోసం గోడను వాలుగా కాల్చే పద్ధతి సాఫ్ట్‌వేర్‌లో ఉంది, రబ్బరుకు భేషుగ్గా పనిచేస్తుంది. టేకులో ఆ వాలు మెట్లు మెట్లుగా వస్తుంది. బట్ట మీద అద్దే దిమ్మె నాకు కావలసి వస్తే ఈ రోజుకీ ఉలి దగ్గరికే వెళ్తాను.

ఆ దుకాణంలో ఒక టేకు దిమ్మె ఉంది, రెండు చేతులూ పడ్డది. మామిడి పిందె డిజైను. లేజర్‌తో కాల్చింది డిజైను అంచు మాత్రమే, అర మిల్లీమీటరు లోతున. ఆ అంచు దగ్గర మొదలుపెట్టి అక్కర్లేని చెక్కనంతా ఉలితో తీయించారు. కాగితం మీద గీసిన బొమ్మను చెక్క మీదికి దించుకునే పని తప్పింది, పిందె లోపలి చుక్కలన్నీ ఒకే సైజులో వచ్చాయి. గీతల పక్కన వాలు ఎక్కడికక్కడ మారింది. తీగ సన్నబడ్డ చోట వాలు వెడల్పు, ఆకు దగ్గర దాదాపు నిలువు. పిందె నడుమ, రంగు అద్దేటప్పుడు గాలి పోవడానికి, దిమ్మె వెనక దాకా చిల్లులు ఉన్నాయి. వాటిని మామూలు డ్రిల్లుతోనే పెట్టించారు. అంత మందం టేకులో లేజర్ చిల్లు అడుగుకు చేరేలోగా పై అంచు పక్కనున్న చుక్కలు మాడిపోయి ఉండేవి.